454 కోట్ల ఏళ్లను తాడు మీద పరిచి నడవడం ఎలా

భూమి వయసు 454 కోట్ల ఏళ్లు అని చదివినప్పుడు మీ మనసులో ఏం కనబడుతుంది? నాకైతే చాలా కాలం ఏమీ కనబడలేదు. 45 కోట్లన్నా 450 కోట్లన్నా "చాలా పాతది" అనుకుని పేజీ తిప్పేసేవాణ్ణి. డైనోసార్లు ఎప్పుడో, మనిషి ఎప్పుడో, మధ్యలో ఇంకేవో. ఒకరోజు తాడు కొలిచి, దాని పక్కన కాలినడకన ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాక గానీ ఆ అంకెలు ఒంటికి పట్టలేదు. అప్పటి నుంచి పిల్లలతోనూ పెద్దలతోనూ చాలాసార్లు చేయించాను, ఎవరితో నడిచినా నాకు కొత్తగా కాళ్లు ఆగిపోయే చోటు ఒకటి దొరుకుతూనే ఉంది. మీరు కూడా చేసుకునేలా, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయో చెబుతూ, ఏ కార్డు ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో రాస్తున్నాను.

ముందు కొలత

మన కోట్లు, లక్షల లెక్కకు ఈ కొలత అతికినట్టు సరిపోతుంది. 1 మీటరు అంటే 10 కోట్ల ఏళ్లు. 1 సెంటీమీటరు అంటే 10 లక్షల ఏళ్లు. 1 మిల్లీమీటరు అంటే లక్ష ఏళ్లు. కోట్లలో ఉన్న ఏ అంకెనైనా పదితో భాగిస్తే మీటర్లు వచ్చేస్తాయి, మిలియన్లలో ఉంటే ఇంకా సులువు, ఆ అంకే సెంటీమీటర్లు. భూమి మొత్తం వయసు 45.4 మీటర్లు. రెండు చివర్లా ముడి వేసుకోవడానికి కాస్త వదిలి 46 మీటర్ల తాడు తీసుకోండి.

తాడు సాగకూడదు, ఇది ముఖ్యం. నైలాన్ తాడు లాగిన కొద్దీ సాగుతుంది, అర మీటరు సాగిందంటే 5 కోట్ల ఏళ్లు తేడా వచ్చినట్టే. గట్టిగా పేనిన పురికొస బాగా పనిచేస్తుంది. ఇవి కాక 50 మీటర్ల కొలత టేపు, చిన్న స్కేలు, బట్టల క్లిప్పులు, అట్టముక్కలు, స్కెచ్ పెన్ను, రెండు మూడు రంగుల దారం ఉంటే చాలు. 46 మీటర్ల ఖాళీ స్థలం లేదని ఆగిపోకండి, వరండాలో రెండు మడతలుగా వేసినా పర్లేదు, మలుపు దగ్గర తాడు బిగువుగా ఉంటే చాలు.

నేను మొదటిసారి చేసిన తప్పు చెబుతాను. భూమి పుట్టిన చివర నుంచి మొదలుపెట్టి, ఒక కార్డు నుంచి తర్వాతి కార్డుకు ఎంత దూరమో కొలుచుకుంటూ వచ్చాను. ఒక్కో కొలతలో సెంటీమీటరో రెండు సెంటీమీటర్లో తేడా, అవన్నీ కలిసి డైనోసార్లు అంతరించిన కార్డు దగ్గరకు వచ్చేసరికి జానెడు పక్కకు జరిగింది. జానెడంటే 2 కోట్ల ఏళ్లు! మళ్లీ మొత్తం విప్పాల్సి వచ్చింది. కాబట్టి "ఇవాళ" అనే ముడి ముందు వేయండి, టేపు సున్నా అక్కడ పెట్టండి, ప్రతి కార్డునూ ఆ ముడి నుంచే కొలవండి. కొలిచేది ఇవాళ్టి నుంచి వెనక్కి, నడిచేది పుట్టుక నుంచి ముందుకి. ఈ రెండూ కలిపేస్తే గందరగోళం అవుతుంది.

కార్డు ముందువైపు దూరం, పేరు రాయండి. వెనకవైపు మాత్రం ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఇది మనకు ఎలా తెలిసింది? ఏ రాయిలో, ఎక్కడ, ఎవరికి దొరికింది? ఈ వెనకవైపు రాయకపోతే తాడు మీద పేర్లే మిగులుతాయి, నమ్మమంటే నమ్మాలి అన్నట్టు ఉంటుంది. ఇంకో మాట, తేదీ గట్టిగా తెలిసిన చోట క్లిప్పు పెట్టండి, "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఎప్పుడో" అని మాత్రమే తెలిసిన చోట ఆ మేరకు రంగు దారం చుట్టండి. చూసేవాళ్లకు ఏది ఎంత గట్టిగా తెలుసో కంటితోనే అర్థమైపోతుంది.

45.4 మీటర్ల దగ్గర నిలబడండి

మొదటి కార్డు భూమి పుట్టుక. దీని వెనకవైపు రాయడానికి మంచి కథ ఉంది. భూమి తొలినాటి రాళ్లు భూమి మీద మిగల్లేదు, కరిగిపోయాయి, అరిగిపోయాయి, లోపలికి కూరుకుపోయాయి. మరి వయసు ఎలా లెక్కగట్టాలి? క్లెయిర్ ప్యాటర్సన్ అనే భూరసాయన శాస్త్రవేత్త భూమితో పాటే తయారై, అప్పటి నుంచి పెద్దగా మారకుండా అంతరిక్షంలో తిరిగిన ఉల్కలను పట్టుకున్నాడు. యురేనియం ఒక స్థిరమైన వేగంతో సీసంగా మారుతుంది, యురేనియం-238లో సగం మారడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. అరిజోనాలో పడిన క్యాన్యన్ డయాబ్లో ఉల్కతో పాటు మరికొన్ని ఉల్కల్లోని సీసం ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలను) కొలిచి 1956లో ఆయన 455 కోట్ల ఏళ్లు అని ప్రకటించాడు, అటూ ఇటూ 7 కోట్లు. ఆ అంకె ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. అంతకు దాదాపు వందేళ్ల ముందు లార్డ్ కెల్విన్ అనే భౌతిక శాస్త్రవేత్త వేడి చల్లారే లెక్కతో 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ల మధ్య అని తేల్చాడు, అంటే ఆయన తాడు ఎంత పొడవనుకున్నా 4 మీటర్లే.

44 మీటర్ల దగ్గర ఇంకో కార్డు: జర్కాన్. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన ఇసుక రేణువంత స్ఫటికాలు, వాటిలో అన్నిటికన్నా పాతవి సుమారు 440 కోట్ల ఏళ్లవి. అవి పుట్టిన రాయి ఎప్పుడో పోయింది, స్ఫటికం మిగిలింది. అందులోని ఆక్సిజన్ ఐసోటోపులు అప్పటికే భూమి మీద నీళ్లు ఉండేవని సూచిస్తాయి. ఈ కార్డు దగ్గర నడిచేవాళ్లందరి చేతిలో చిటికెడు ఇసుక పోయండి. ఇలాంటి ఒక్క రేణువు సాక్ష్యం చెబుతోందని అప్పుడు తెలుస్తుంది.

34.8 మీటర్ల నుంచి మాట్లాడకుండా నడవండి

34.8 మీటర్ల దగ్గర స్ట్రోమటోలైట్ల కార్డు. ఇవి కూడా పశ్చిమ ఆస్ట్రేలియాలోనే, పిల్బరా ప్రాంతంలో, సుమారు 348 కోట్ల ఏళ్ల రాళ్లలో ఉన్నాయి. సూక్ష్మజీవులు పలచటి జిగురు చాపలా పరుచుకుని, మీద పడిన మట్టిని పట్టుకుంటూ, మళ్లీ దాని మీదికి ఎక్కుతూ పొరలు పొరలుగా కట్టిన దిబ్బలు ఇవి. గ్రీన్‌లాండ్‌లో ఇంకా పాత రాళ్లలో, 37 మీటర్ల దాకా, జీవం ఆనవాళ్లు ఉన్నాయంటారు గానీ వాటి మీద వాదన నడుస్తోంది, అందుకని అక్కడ క్లిప్పు పెట్టకుండా పలచటి రంగు దారం చుట్టండి. స్ట్రోమటోలైట్లు ఇప్పటికీ బతికి ఉన్నాయి, పశ్చిమ ఆస్ట్రేలియాలోనే షార్క్ బే అనే చోట ఉప్పు ఎక్కువైన సముద్రపు నీళ్లలో ఇవాళ కూడా కడుతూనే ఉన్నాయి.

ఇక్కడ నుంచి కంటికి కనబడేంత జంతువులు వచ్చే చోటు దాకా 29 మీటర్లు. అందరూ ఈ భాగాన్ని గబగబా దాటేసి డైనోసార్ల దగ్గరకు పరుగెడతారు. దయచేసి అలా చేయనివ్వకండి. నా దృష్టిలో ఈ తాడు కట్టడానికి అసలు కారణం ఈ 29 మీటర్లే. మామూలు అడుగు సుమారు 70 సెంటీమీటర్లు, అంటే 7 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పోయినప్పటి నుంచి ఇవాళ్టి దాకా గడిచిన కాలమంతా ఒక్క అడుగులో సరిపోతుంది. అలాంటి అడుగులు 41 వేయాలి, ఒక్కో అడుగు వేసినప్పుడల్లా లోపల "ఇంకా సూక్ష్మజీవులే" అనుకుంటూ. పుస్తకాల్లోని కాలపట్టికలు ఈ భాగాన్ని అంగుళంలోకి నొక్కేసి, చివరి 54 కోట్ల ఏళ్లను పేజీ అంతా పరుస్తాయి, అందువల్ల జీవం కథ అంటే పెద్ద జంతువుల కథ అని మనకు చిన్నప్పుడే నాటుకుపోతుంది. నడిచిన కాలికి మాత్రం అలా అనిపించదు.

ఈ దూరం ఖాళీ కూడా కాదు. 24 మీటర్ల దగ్గర ఆగి గట్టిగా గాలి పీల్చుకోమనండి. సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు సూర్యరశ్మితో నీటిని విడగొట్టి ఆక్సిజన్‌ను వదలడం అంతకు చాలా ముందే మొదలుపెట్టాయి, కానీ ఆ ఆక్సిజన్‌ను సముద్రంలో కరిగి ఉన్న ఇనుమూ అగ్నిపర్వతాల వాయువులూ మింగేస్తూ వచ్చాయి. ఆ ఇనుము తుప్పై అడుగున పేరుకుని ఎర్రటి చారల రాళ్లుగా మారింది, ప్రపంచంలో ఇవాళ తవ్వే ఇనుప ఖనిజంలో ఎక్కువ భాగం అలాంటి పొరల నుంచే వస్తుంది. సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం మింగేవాటికన్నా వదిలేది ఎక్కువై గాలిలో ఆక్సిజన్ నిలిచింది. ఎలా తెలుసు? అంతకన్నా పాత నదుల కంకరలో దొర్లి గుండ్రబడిన పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) రేణువులు దొరుకుతాయి. ఆక్సిజన్ ఉన్న గాలిలో, నీళ్లలో పైరైట్ అంత దూరం దొర్లితే పాడైపోతుంది, గుండ్రబడి మిగలదు. ఆ తర్వాతి కాలపు రాళ్లలో అవి కనబడవు, బదులుగా తుప్పు రంగు ఇసుకరాళ్లు మొదలవుతాయి. అప్పటిదాకా ఆక్సిజన్ ఎరగని జీవులకు అది విషం. వాటి వారసులు ఇవాళ కూడా గాలి తగలని బురదలోనూ, మన పేగుల్లోనూ బతుకుతున్నారు.

18 మీటర్ల నుంచి 16 మీటర్ల దాకా ఒక రంగు దారం చుట్టండి: కేంద్రకం ఉన్న కణాలు. ఈ మార్పు ఎలా జరిగిందో ఒక్క నిమిషం ఆగి చెప్పుకోవాల్సిందే. ఒక సూక్ష్మజీవి లోపలికి ఇంకో బ్యాక్టీరియా చేరింది, అరగలేదు, బయటికీ పోలేదు, లోపలే ఉండి శక్తిని తయారుచేసి పెట్టడం మొదలుపెట్టింది. అదే మైటోకాండ్రియా. దానికి ఇప్పటికీ సొంత డీఎన్‌ఏ ఉంది, బ్యాక్టీరియాలో లాగే గుండ్రటి పోగు, కణం విభజనతో సంబంధం లేకుండా విడిగా విభజన చెందుతుంది. లిన్ మార్గులిస్ ఈ వాదనతో రాసిన వ్యాసాన్ని చాలా పత్రికలు తిప్పికొట్టాక 1967లో ఒకటి అచ్చేసింది. తర్వాత డీఎన్‌ఏ చదవడం వచ్చాక ఆమె చెప్పింది నిజమని తేలింది. మన ఒంట్లో ప్రతి కండరం కదలిక వెనక ఆ పాత అతిథి పని ఉంది.

18 నుంచి 8 మీటర్ల దాకా ఉన్న భాగానికి కొందరు శాస్త్రవేత్తలు "విసుగు పుట్టించే వంద కోట్ల ఏళ్లు" అని పేరు పెట్టారు. నాకు ఆ పేరు నచ్చదు. కేంద్రకం ఉన్న కణాలు స్థిరపడింది ఇక్కడే. 10.5 మీటర్ల దగ్గర బ్యాంజియోమార్ఫా అనే ఎర్ర నాచు ఉంది, ఆర్కిటిక్ కెనడా రాళ్లలో దొరికింది. వేరువేరు పనులు చేసే కణాలు, ఆడ మగ తేడాతో పునరుత్పత్తి, ఈ రెండింటికీ మనకు తెలిసిన పాత సాక్ష్యాల్లో ఇది ఒకటి. విసుగు ఎక్కడుంది ఇందులో!

7.2 మీటర్ల నుంచి 6.35 మీటర్ల మధ్య తెల్ల దారం చుట్టండి. భూమి దాదాపు మొత్తం, భూమధ్యరేఖ దాకా, రెండుసార్లు మంచుతో కప్పుకుపోయిన కాలం ఇది. జీవం దీన్ని కూడా తట్టుకుంది.

చివరి 6 మీటర్లు, కార్డులు గుంపుగా వచ్చే చోటు

5.75 మీటర్ల దగ్గర ఎడియాకరా జీవులు. 1946లో రెజ్ స్ప్రిగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియాకరా కొండల్లో రాళ్ల మీద మెత్తటి జీవుల అచ్చులు చూశాడు, మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అందులో డికిన్సోనియా అనే చదునైన జీవి శిలాజంలో కొలెస్టరాల్ ఆనవాళ్లు దొరికాయని 2018లో తేలింది, కొలెస్టరాల్ జంతువుల గుర్తు కాబట్టి అది జంతువేనన్న వాదన బాగా బలపడింది.

5.39 మీటర్ల దగ్గర కేంబ్రియన్ అనే కాలం మొదలు, జంతువుల రకాలు గుంపుగా కనబడే ఈ చోటునే కేంబ్రియన్ విస్ఫోటనం అంటారు. "విస్ఫోటనం" అనే మాట విని అందరూ ఒక్కరోజులో జరిగినట్టు ఊహించుకుంటారు, తాడు మీద అది 20 సెంటీమీటర్ల పైనే పరుచుకుని ఉంటుంది. కాళ్లు, కళ్లు, పెంకులు, దవడల్లాంటి గోళ్లు, వేటాడేవి, తప్పించుకునేవి అన్నీ ఈ జానెడు పొడవునా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 5.18 మీటర్ల దగ్గర చైనాలోని చెంగ్‌జియాంగ్, 5.08 దగ్గర కెనడాలోని బర్జెస్ షేల్, ఈ రెండు కార్డులు పెట్టండి, ఎందుకంటే మామూలుగా కుళ్లిపోయే మెత్తటి భాగాలు కూడా అక్కడి బురదలో అచ్చుపడి మిగిలాయి. బర్జెస్ షేల్‌ను 1909లో చార్లెస్ వాల్కాట్ కనిపెట్టాడు.

4.7 మీటర్ల దగ్గర నేల మీద తొలి మొక్కల బీజాంశాలు. అంతకు ముందు నేలంతా బండరాయి, ఇసుక, అక్కడక్కడా సూక్ష్మజీవుల పొర. పచ్చదనం అంటే మనం సృష్టి మొదటి నుంచీ ఉన్నదనుకుంటాం, కాదు, 45 మీటర్ల తాడులో అది చివరి పదోవంతు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన కార్డు, 3.75 మీటర్ల దగ్గర టిక్టాలిక్, చేపకూ నాలుగు కాళ్ల జీవికీ మధ్యలో ఉన్న శిలాజ జీవి. చేపల రెక్కల్లో ఎముకలున్న జాతులు 38 కోట్ల ఏళ్ల పైబడిన రాళ్లలో ఉన్నాయి, నాలుగు కాళ్ల జీవులు 36 కోట్ల ఏళ్లనాటి రాళ్లలో ఉన్నాయి. మరైతే మధ్యలోది ఎక్కడ వెతకాలి? నీల్ షూబిన్, ఎడ్వర్డ్ డేష్లర్ బృందం మ్యాపులు ముందేసుకుని, సుమారు 37.5 కోట్ల ఏళ్ల వయసున్న, పాత నదుల్లో ఏర్పడిన, పైకి తేలి కనబడే రాళ్లు ఎక్కడున్నాయో చూసి కెనడా ఆర్కిటిక్ వెళ్లారు. 1999 నుంచి మళ్లీ మళ్లీ వెళ్లగా 2004లో ఎల్స్‌మేర్ దీవిలో దొరికింది: పొలుసులు, మొప్పలు చేపవి, మెడ తిప్పగలదు, తల మొసలిలా చదును, రెక్క లోపల భుజం, మోచేయి, మణికట్టు లాంటి ఎముకలు. ముందు లెక్కగట్టి, ఆ లెక్క చెప్పిన చోట తవ్వితే దొరికింది, చూడండి, ఈ కార్డు వెనకవైపు ఎంత చిన్నగా రాసినా చోటు చాలదు. అయితే దాని పక్కనే, 3.9 మీటర్ల దగ్గర, ఇంకో కార్డు తప్పకుండా పెట్టండి. పోలండ్‌లోని జహెల్మీ క్వారీలో నాలుగు కాళ్ల జీవి అడుగుజాడల్లాంటివి దొరికాయని 2010లో ప్రకటించారు, అవి టిక్టాలిక్ కన్నా జానెడు కాకపోయినా దాదాపు అంత వెనక. అవి నిజంగా అడుగుజాడలే అయితే టిక్టాలిక్ మనకు నేరుగా తాత కాదు, ఆ తాతల కాలం దాటి కూడా బతికిన దాయాది. దీని సంగతి కాసేపట్లో దారాలు కట్టేటప్పుడు చూద్దాం.

ఇదే చోట పిల్లలకు బాగా నచ్చే విషయం ఒకటి. 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త ఆ కాలపు పగడాల మీద రోజువారీ గీతలు లెక్కపెడితే ఏడాదికి సుమారు 400 వచ్చాయి. చంద్రుడి ఆకర్షణ వల్ల భూమి తిరగడం నెమ్మదిస్తోంది, అప్పట్లో రోజు 22 గంటలే.

3.2 మీటర్ల దగ్గర ఎండిపోని గుడ్డు, నీళ్లను వదిలి లోపలి నేలల్లోకి పోవడానికి అది దారి ఇచ్చింది. 3 మీటర్ల దగ్గర బొగ్గు అడవులు, మూరన్నర రెక్కల తూనీగలు.

2.52 మీటర్ల దగ్గర నల్ల కార్డు. సైబీరియాలో లావా పొంగి, సముద్రాలు వేడెక్కి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గి, సముద్ర జాతుల్లో 80 శాతానికి పైగా పోయాయి. ముఖ్యమైన వినాశనం 60 వేల ఏళ్ల ప్రాంతంలోనే జరిగిపోయిందని ఒక అంచనా, అంటే తాడు మీద మిల్లీమీటరు కూడా లేదు. అన్నీ నెమ్మదిగానే జరుగుతాయనుకునే వాళ్లకు స్కేలు పెట్టి ఆ మిల్లీమీటరు చూపించండి.

2.3 మీటర్ల దగ్గర తొలి డైనోసార్లు, 2.05 దగ్గర తొలి క్షీరదాలకు దగ్గరి చుట్టం మోర్గన్యూకోడాన్. అవును, క్షీరదాలు పుట్టింది డైనోసార్లు పోయాక కాదు, వాటి కాళ్ల సందుల్లోనే కోటానుకోట్ల ఏళ్లు చిన్నగా బతికాయి. 1.5 మీటర్ల దగ్గర స్టెగోసారస్ అనే డైనోసార్, పక్షిలాంటి ఆర్కియాప్టెరిక్స్. 1.3 దగ్గర పూల మొక్కలు. 68 నుంచి 66 సెంటీమీటర్ల దాకా టైరనోసారస్. ఇక్కడ స్కేలు కాకుండా చేతులతో కొలవమనండి: స్టెగోసారస్‌కూ టైరనోసారస్‌కూ మధ్య 80 సెంటీమీటర్ల పైన, టైరనోసారస్‌కూ మనకూ మధ్య 66. బొమ్మల్లో ఆ రెంటినీ పక్కపక్కన నిలబెట్టి కొట్టించేవాళ్లు ఉన్నారు గానీ, కాలంలో టైరనోసారస్ స్టెగోసారస్‌కన్నా మనకే దగ్గర.

66 సెంటీమీటర్లు, దాదాపు మూరన్నర. సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలం మెక్సికోలోని చిక్షులూబ్ దగ్గర పడింది. ఇటలీలోని గుబ్బియో దగ్గర వేలెడు కూడా లేని మట్టి పొరలో ఇరీడియం అనే లోహం విపరీతంగా ఉందని లూయిస్, వాల్టర్ అల్వారెజ్‌లు సహచరులతో కలిసి 1980లో ప్రకటించారు. భూమి పైపొరలో అది చాలా అరుదు, గ్రహశకలాల్లో ఎక్కువ. సుమారు 180 కిలోమీటర్ల వెడల్పున్న గొయ్యి ఆ తర్వాత పదేళ్లకు గుర్తుపట్టారు. తర్వాత దారాలు కట్టేటప్పుడు ఈ కార్డు దగ్గర డైనోసార్ల దారాన్ని కత్తిరించకండి, పక్షుల దారం అందులోదే, అది ఇవాళ్టి ముడి దాకా వస్తుంది.

50 సెంటీమీటర్ల దగ్గర పాకిసెటస్, తిమింగలాల పాత చుట్టం, నాలుగు కాళ్ల మీద నడిచే జంతువు. 40 దగ్గర బాసిలోసారస్, సముద్రంలో తిమింగలం, వెనక కాళ్లు మాత్రం చిన్న ముక్కల్లా మిగిలి ఉన్నాయి. జానెడులో సగం దూరంలో అంత మార్పు.

దారాలు కట్టడం

ఇప్పటిదాకా కట్టింది కాలమే, చుట్టరికం ఇంకా కట్టలేదు. ఇది చేయకుండా ఆపేస్తే చూసేవాళ్లు తాడును నిచ్చెన అనుకుంటారు, చేప కప్ప అయింది, కప్ప బల్లి అయింది, కోతి మనిషి అయింది అని చెప్పుకుంటారు. నేను ఎన్నిసార్లు నోటితో సరిదిద్దినా లాభం లేకపోయింది, దారాలు కట్టించాకే ఆ మాట ఆగింది.

ఇవాళ్టి ముడి దగ్గర ఇద్దరిని నిలబెట్టండి, ఒకరు మనిషి, ఒకరు చింపాంజీ, చెరొక దారం పట్టుకుని. రెండు దారాలూ ఎక్కడ కలవాలి? 6 నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర, బెత్తెడు దూరంలో. అక్కడున్న జీవి మనిషీ కాదు, చింపాంజీ కూడా కాదు. ఇద్దరి దారాలూ అక్కడి నుంచి ఇవాళ్టికి సమానంగా అంతే పొడవు ఉన్నాయని చేత్తో తడిమి చూడమనండి. చింపాంజీ ఆగిపోయిన మనిషి కాదు, అది కూడా 60, 70 లక్షల ఏళ్లు మారుతూ వచ్చిందే. తర్వాత ఎలుక దారం కట్టండి, సుమారు 90 సెంటీమీటర్ల దగ్గర మనతో కలుస్తుంది. కోడి దారం 3.2 మీటర్ల దగ్గర. మామూలు చేప 4.3 దగ్గర. పుట్టగొడుగు 10 మీటర్లు దాటాక ఎక్కడో, మొక్కలు అంతకన్నా వెనక. చెట్టు తరఫున దారం పట్టుకున్న పిల్లవాడు అంత దూరం నడిచి వచ్చి మన దారాన్ని అందుకున్నప్పుడు చూడాలి వాడి ముఖం.

టిక్టాలిక్‌కు కూడా పక్కకు ఒక దారం కట్టి, కొంచెం దూరం వెళ్లాక ముడి వేసి వదిలేయండి. చాలా దారాలు అలాగే ఆగిపోతాయి. దొరికిన శిలాజాల్లో ఎక్కువ భాగం తాతలవి కావు, దాయాదులవి.

చివరి 3 సెంటీమీటర్లు

ఇక్కడ క్లిప్పులు పట్టవు, గుండుసూదులు వాడండి. 3.2 సెంటీమీటర్ల దగ్గర లూసీ, 1974లో ఇథియోపియాలోని హడార్‌లో దొరికిన రెండు కాళ్ల మీద నడిచే బంధువు. 2 సెంటీమీటర్ల దగ్గర హోమో ఎరెక్టస్ అనే పాత మానవ జాతి. 3 మిల్లీమీటర్ల దగ్గర మన జాతి, మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన సుమారు 3 లక్షల ఏళ్ల ఎముకలు.

ఇక ఆ తర్వాత సూది కూడా లావే. మామూలు కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు, అంటే 10 వేల ఏళ్లు. వ్యవసాయం మొదలైన కాలం అటూ ఇటుగా ఒక కాగితం. రాత పుట్టింది అందులో సగం. 80 ఏళ్ల జీవితం ఈ తాడు మీద ఒక బ్యాక్టీరియా అంత ఉంటుంది, అంతే.

ఇక్కడే ఎవరో ఒకరు తప్పకుండా "ఇవన్నీ కార్బన్ డేటింగ్‌తోనే కదా కనుక్కునేది" అని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. కార్బన్-14 అర్ధాయువు, అంటే అందులో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లు, సుమారు 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. అంటే ఆ పద్ధతి పనిచేసేది ఈ తాడులో చివరి అర మిల్లీమీటరుకే. మిగతా అంతా యురేనియం-సీసం, పొటాషియం-ఆర్గాన్ లాంటి నెమ్మది గడియారాల పని, అది కూడా ఎక్కువగా శిలాజం మీద కాదు, దాని పైనా కిందా ఉన్న అగ్నిపర్వత బూడిద పొరల మీద. పై పొర వయసు, కింది పొర వయసు తెలిస్తే మధ్యలోది ఆ రెంటి మధ్యదే.

అయిపోయాక కార్డులు తీయకండి, తాడుతో పాటే ఉంచండి. కొత్త శిలాజం దొరికి ఏదైనా తేదీ వెనక్కి జరిగితే పాత కార్డు పారేయకుండా, కొట్టేసి, పక్కన కొత్తది పెట్టండి. నా తాడు మీద అలాంటివి చాలా ఉన్నాయి, నడిచేవాళ్లు వాటినే ఎక్కువసేపు చదువుతారు. చుట్టేటప్పుడు మాత్రం పుట్టుక చివర నుంచి చుట్టండి. అప్పుడు మళ్లీ విప్పే రోజున "ఇవాళ" ముడి ముందు చేతికొస్తుంది, కొలత మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే కదా.